కృపాశబ్దము: ముల్లు తొలగని ప్రార్థన

తెలుగు క్రైస్తవ కీర్తనలు మన భక్తికీర్తనలకు అనుకరణములనియు, దైవనామ మొక్కటియే మారినదనియు కొందఱు తలంతురు. పల్లవి, చరణము, రాగము, తాళము అను రూపమును బట్టి చూచినచో ఈ మాట కొంత నిజమే. పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలే యిందులకు తార్కాణము. భావవిషయమున మాత్రము మే మీ యభిప్రాయము నంగీకరింపజాలము.

ఆపదలో దైవమును శరణు వేడుట రెండు సంప్రదాయములకును సమానమే. పోతన భాగవతమున గజేంద్రుడు స్వబలము నశించిన పిమ్మట మొఱపెట్టెను. హరి యరుదెంచి మకరిని సంహరించెను. అచట కృప విమోచనరూపమున ఫలించినది. ఇట్టి కథలు బైబిలునందును లేకపోలేదు. ఫిలిప్పీ చెఱసాల తలుపులు తెఱచుకొనిన వృత్తాంతము అట్టిదే. కాని కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 12వ అధ్యాయమున స్థితి వేఱు. తన శరీరమునందలి ముల్లు తొలగవలెనని పౌలు ముమ్మాఱు ప్రార్థించెను. ముల్లు తొలగలేదు, దానిని భరించుటకు చాలినంత కృప లభించినది. ఇచట కృప యనగా ఆపన్నివారణము కాదు, బలహీనతయందు నిలుపు బలము. కీర్తనల గ్రంథమునందలి 88వ కీర్తన యింకను కఠినమైనది. ఆపద తీఱినదను మాట లేకయే అది చీకటిలో ముగియును; అయినను మొఱ దైవమువైపే సాగును.

తెలుగు బైబిలు ఈ భావమునకు మన భక్తివాఙ్మయమునందలి కృపాశబ్దమునే గ్రహించినది. శబ్ద మొకటియే, అర్థచ్ఛాయ వేఱు. కావున ఈ కీర్తనలను పరిశోధించువారు రాగతాళములను పోల్చుటతో తృప్తిపడక, వేడినది లభింపనిచోట కవి యేమి పలికెనో పరికింపవలెను. అవి అనుకరణములో, స్వతంత్రరచనలో అచటనే తేలును.