చంద్రుడి కొలతకు చేతిపని

పిఠాపురం స్థలపురాణం ఒక రాత్రి లెక్క మీద నిలబడింది. త్రిమూర్తుల యజ్ఞానికి తన దేహాన్నే వేదికగా ఇచ్చిన గయాసురుడు ఏడు రోజులు కదలనని మాట ఇచ్చాడు. గడువు తీరకముందే, నడిరాత్రి, శివుడు కోడిపుంజై కూశాడు. తెల్లవారిందనుకుని గయుడు కదిలాడు. ఆయన తల బీహారులోని గయలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, పాదాలు ఇక్కడ ఉన్నాయని నమ్మకం. అందుకే ఇది పాదగయ. కూసిన స్వామి కుక్కుటేశ్వరుడు. గుడి ఆవరణలోని పుష్కరిణి దగ్గర అమావాస్యలకు పితృకార్యాలు జరుగుతాయి. మాఘ బహుళ చతుర్దశినాడు శివరాత్రి జాగరానికి జనం కూడతారు. ఆ రాత్రి దాదాపు మొత్తం చీకటే. సన్నని చంద్రరేఖ తెల్లవారబోయే ముందు మాత్రమే తూర్పున కనిపిస్తుంది. రాత్రి ఎప్పుడు ముగిసిందో కోడికూతను బట్టి తెలుసుకునే కథ ఉన్న గుడిలో, చంద్రుడు చివరిదాకా రాని రాత్రంతా మేలుకుని ఉండడం ఎంత చక్కగా కుదిరిందో చూడండి.

ఇలాంటి కుదురే ఈ ప్రాంతపు పండగ పనులన్నిటిలోనూ ఉంది. వీటిని మనం భక్తిగా చూస్తాం, ఆచారంగా చూస్తాం. చేతిపనిగా చూడడం తక్కువ. అట్టు పోసే చెయ్యి, వత్తి చేసే చెయ్యి, అరటి డొప్ప కోసే చెయ్యి ఆనాటి చంద్రుడిని కొలుచుకుని పనిచేస్తాయి. ఆ రాత్రి వెన్నెల ఎంత, చీకటి ఎంత, చంద్రుడు ఎప్పుడొస్తాడు అన్నదాన్ని బట్టే ఏం చేయాలి, ఎంత చేయాలి అన్నది తేలుతుంది.

ముందు ఆ కొలత సంగతి. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు ఎడం జరిగితే ఒక తిథి. అలాంటివి 30 అయితే చాంద్రమాసం, అంటే సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. చంద్రుడి నడక ఒకే వేగంతో సాగదు కనుక ఒక తిథి ఇరవై గంటలకే ముగిసిపోవచ్చు, ఇంకొకటి ఇరవై ఆరు గంటల దాకా సాగవచ్చు. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే వస్తాయి కాబట్టి రెండున్నర, మూడేళ్లకోసారి అధికమాసం వేసి ఋతువులతో సరిపెడతారు. చంద్రోదయం రోజుకు ఇంచుమించు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈ లెక్కలు పంచాంగకర్తలవి. వాటికి తగ్గట్టు వస్తువులు తయారుచేసే పని ఇంటి ఆడవాళ్లది.

ఆశ్వయుజ బహుళ తదియ అట్లతద్ది. పున్నమి దాటిన మూడో తిథి కనుక పొద్దుగుంకిన ఒకటిన్నర, రెండు గంటలకు గాని చంద్రుడు కనబడడు. పండగంతా ఆ ఎదురుచూపు చుట్టూ అల్లినదే. ముందురోజే చేతులకు గోరింటాకు. తెల్లవారుజామునే లేచి పెరుగన్నం, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసుతో కడుపు నింపుకోవడం. పగలంతా ఉపవాసం, ఉయ్యాలలు, ఆటలు. సాయంత్రానికి పొయ్యి మీద పెనం ఎక్కుతుంది. బియ్యం, మినప్పప్పు నానబెట్టి రుబ్బిన పిండితో అట్లు పోస్తారు. ఇవి హోటల్ దోశల్లా కరకరలాడేలా పలచగా లాగినవి కావు. మందంగా, మెత్తగా ఉంటాయి. చల్లారినా విరగకూడదు, ఒకదానికొకటి అంటుకోకూడదు. ఎందుకంటే ఇవి పెనం మీంచి నేరుగా కంచంలోకి వెళ్లేవి కావు. చంద్రుడొచ్చేదాకా ఆగాలి, గౌరీదేవికి నైవేద్యం కావాలి, పదకొండేసి పేర్చి ముత్తయిదువకు వాయనంగా ఇవ్వాలి, ఆవిడ కొంగు కింద పట్టుకుని ఇంటికి తీసుకెళ్లాలి. అంతసేపు నిలిచే అట్టు పొయ్యాలంటే పిండి జారుడు, పెనం వేడి, గరిటె తిప్పే తీరు మూడూ ఒద్దికగా ఉండాలి. చేతికి కట్టుకునే తోరానికీ పదకొండు ముడులే. అట్ల దొంతరలో ఉన్న లెక్కే దారం మీదా ఉంటుంది.

కార్తీకంలో పని అట్టు నుంచి వత్తికి మారుతుంది. దీపాల్లో గొప్పతనమంతా ప్రమిదకు, నెయ్యికి పోతుంది గాని, అసలు పనితనం దూదిలో ఉంది. పత్తికాయ ఒలిచి గింజ తీస్తారు. నలుసులు ఏరి, దూదిని వేళ్లతో విప్పి పలచగా చేస్తారు. పూవత్తికైతే గుండ్రంగా పరిచి, నడుమ చిటికెతో పైకి లాగి, కొసను విభూతి గాని పాలు గాని అద్దుకున్న వేళ్లతో నులుముతారు. కింద వెడల్పుగా ఉన్న దూది నెయ్యి తాగుతుంది. పైన సన్నగా నిలబడ్డ కొస వెలుగుతుంది. పురి మరీ బిగిస్తే నెయ్యి పైకి ఎక్కదు, మంట చిన్నబోతుంది. వదులైతే నెయ్యి ఒక్కసారిగా ఎక్కి పొగ కక్కుతుంది. దూది పోగుల మధ్య సన్నని ఖాళీల్లోంచి నెయ్యి తనంతట తానే పైకి పాకుతుంది. ఆ ఖాళీలు ఎంత ఉండాలో ఏ పుస్తకమూ చూడకుండా మన అమ్మమ్మల బొటనవేలికీ చూపుడువేలికీ తెలుసు.

ఇక పున్నమి. కార్తీక పౌర్ణమి నాడు సూర్యుడు అటు దిగుతుంటే చంద్రుడు ఇటు నిండుగా లేస్తాడు. ఆ వెన్నెల్లో ఒంటి వత్తి దీపం వెలవెలబోతుంది. అందుకే కాబోలు, ఆ రాత్రికి చేసేవన్నీ పెద్ద మంటలు. ఏడాదిలో రోజుకొకటి చొప్పున 365 వత్తులు ఒకే కట్టగా కట్టి వెలిగిస్తారు. ఏ రోజైనా దీపం పెట్టడం తప్పిపోతే ఆ లోటు దీంతో తీరుతుందని నమ్మకం. ఈ కట్ట కట్టడం తేలిక కాదు. బయటి పోగులు తడిసి నడుమ పొడిగా మిగిలితే లోపలి దూది మాడి బొగ్గవుతుంది. అందుకే ముందుగానే నేతిలో నానబెట్టి, లోపలి పోగుదాకా నెయ్యి దిగాకే ముట్టిస్తారు. కొందరు ఉసిరికాయ పైభాగం చెక్కి అందులోనూ వత్తి నిలబెడతారు.

శివాలయాల ముందు ఆ రాత్రే జ్వాలాతోరణం. రెండు గుంజలు పాతి, అడ్డంగా ఒక కర్ర కట్టి, దానికి ఎండుగడ్డి చుడతారు. మంట అంటించి, స్వామివారి పల్లకీని మూడుసార్లు దాని కింద నుంచి తీసుకెళతారు. వెనకే జనం. ఇందులో నేర్పంతా గడ్డి చుట్టడంలో ఉంది. వదులుగా చుడితే భగ్గుమని ఒక్క నిమిషంలో అయిపోతుంది, నిప్పుకణికలు కింద నడిచేవాళ్ల మీద రాలతాయి. మరీ బిగిస్తే అంటుకోనే అంటుకోదు. పల్లకీ మూడుసార్లు దాటేదాకా మండాలి, నెత్తిన పడకూడదు. కాలగా మిగిలిన గడ్డిని ఇంటికి తెచ్చి గాదెలోనో, గడ్డివాములోనో పెట్టుకుంటారు. పిఠాపురం చుట్టుపక్కల ఏలేరు ఆయకట్టులో వరి కోతలు మొదలయ్యే కాలమది. పొలంలో పండిన గడ్డి నుంచే ఆ తోరణం, మిగిలినది మళ్లీ గడ్డివాములోకే.

అక్కడి నుంచి చంద్రుడు తరుగుతూ పోతాడు. కార్తీక అమావాస్య దాటిన మర్నాడు, మార్గశిర శుద్ధ పాడ్యమి తెల్లవారుజాము, పోలి పాడ్యమి. ఆకాశంలో చంద్రుడి జాడ ఉండదు. ఇప్పుడు పెద్ద మంట అక్కర్లేదు. చీకటి నీళ్ల మీద చిన్న దీపం కూడా పూర్తిగా కనబడుతుంది. పున్నమికి రాసి కావాలి, పాడ్యమికి సన్నదనం కావాలి. ఒకే నెలలో ఈ రెండిటినీ వేరుచేసి చూసిన కళ్లకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఈ పాడ్యమి దీపానికి పడవ అరటి డొప్ప. గెల కోశాక అరటిచెట్టు పని అయిపోయినట్టే, దాన్ని నరికి పారేస్తారు. ఆ బోదె పైపొరలు ఎండి చినిగి ఉంటాయి. వాటిని తీసేస్తే లోపల లేతపచ్చగా, నున్నగా, పుట్టుకతోనే వంపు తిరిగిన డొప్పలు దొరుకుతాయి. అడ్డంగా కోసి చూస్తే లోపల వరసగా చిన్న చిన్న గాలిగదులు, వాటి మధ్య అడ్డుతెరలు. తేలడానికి కావలసినదంతా చెట్టే చేసిపెట్టింది. కోసేవాళ్లు చేయవలసిందల్లా దాన్ని పాడుచేయకపోవడం. పదునైన కత్తితో ఒక్క వేటుకు తెగాలి, అంచులు చీలకూడదు. బరువు నడిమధ్యన కూర్చోవాలి, లేకపోతే డొప్ప పక్కకు ఒరిగి నెయ్యి నీళ్లపాలవుతుంది. పసుపు, కుంకుమ, రెండు పూలు, నెల రోజుల గుర్తుగా ముప్పై వత్తులు. పాదగయ పుష్కరిణి మెట్ల మీద గాని, ఊరి చెరువులో గాని, కాలువలో గాని నీళ్ల మీద పెట్టి, చేత్తో అలలు తోస్తూ మెల్లగా ముందుకు సాగనంపుతారు.

ఆ రోజు చెప్పుకునే పోలి కథ కూడా పనితనం కథే. చిన్నకోడలు పోలిని ఇంటి దగ్గర వదిలి, దీపానికి కావలసినవేవీ దొరక్కుండా చేసి, అత్త మిగతా కోడళ్లతో నదికి వెళ్లేది. పోలి పెరట్లో పత్తిచెట్టు కింద రాలిన దూది ఏరుకుంది. కవ్వానికి అంటిన వెన్న తీసింది. వత్తి చేసి దీపం వెలిగించి, ఎవరికంటా పడకుండా పైన బుట్ట బోర్లించింది. నెలంతా అలాగే చేసింది. చివరికి స్వర్గానికి తీసుకెళ్లే విమానం వచ్చింది ఆమె కోసమే. నదికి వెళ్లినవాళ్ల దగ్గర సామగ్రి ఉంది, పోలి దగ్గర ఉన్నది రాలిన దూది, అంటిన వెన్న, తెలిసిన చేతులు. పనిలో శ్రద్ధ ఏమిటో ఇంతకన్నా సూటిగా చెప్పిన కథ మనకు తక్కువ.

ఆ కథ పెట్టిన ప్రమాణంతో ఇప్పటి సంతను చూడాలి. 365 వత్తుల కట్టలు ప్యాకెట్లలో వస్తున్నాయి. ఊపిరి సలపని రోజుల్లో అవి ఎందరికో ఆసరా, కాదనను. కానీ థర్మకోల్ పళ్లేలను నీళ్లలో వదలడం మాత్రం ఒప్పుకోలేను. అది అరటి డొప్ప కన్నా బాగా తేలుతుంది, నిజమే. దీపం ఆరాక కూడా తేలుతూనే ఉంటుంది. డొప్ప అయితే కుళ్లి మట్టిలో కలుస్తుంది, అదీ దాని పనితనంలో భాగమే. పండగ ముగిశాక మిగలకుండా పోయే వస్తువును ఎంచుకోవడం కూడా ఒక నేర్పు. డొప్పలైనా మర్నాడు నీళ్లలోంచి తీసి ఒడ్డున ఎరువుగా వేస్తే ఆ పని పూర్తవుతుంది.

వచ్చే కార్తీకానికి ఇంట్లో పిల్లల చేతికి, మగపిల్లలకైనా సరే, గింజ తీయని పత్తి ఇద్దాం. మొదటి వత్తి ఉండ కడుతుంది, రెండోది ఊడిపోతుంది, పదోది వెలుగుతుంది. చేస్తుండగానే పున్నమికి అన్ని వత్తులెందుకో, పాడ్యమికి చిన్న దీపమే ఎందుకు చాలో చెబుదాం. ఆ మాటలు చెప్పడానికి మనకూ పంచాంగం ఒకసారి తిరగేయాల్సి వస్తుంది, డాబా ఎక్కి చంద్రుడెక్కడున్నాడో చూడాల్సి వస్తుంది. అదీ ఆ పనిలో భాగమే.