గిన్నె మీద పేరు

విమల 'వంటిల్లు' కవితలో గిన్నెలన్నింటి మీదా తండ్రి పేరే ఉంటుంది. దాన్ని చాకిరీ కవితగా చదవడం సులువు. నాకది ఆస్తి కవిత. నేలకొండపల్లి పెళ్లిసారెలో స్టీలు సామానుతో పాటు పింగాణీ డిన్నర్ సెట్టూ చేరింది. రోజూ తినడానికి స్టీలు, అద్దాల బీరువాలోకి పింగాణీ. ఎంపిక పెళ్లికూతురిదేనట! మరి పేర్లు కొట్టించేటప్పుడు ఆమెనడిగేదెవరు?

1985 నాటి వరకట్న నిషేధ నిబంధనల ప్రకారం తనకొచ్చిన కానుకల జాబితా వధువే ఉంచుకోవాలి: వస్తువు, విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం, కింద ఇద్దరి సంతకాలు. అదే ఏడాది ప్రతిభారాణి కేసులో స్త్రీధనం ఆమె సొంతమేనని సుప్రీంకోర్టు చెప్పింది. కాపురం చెడి ఆ సెట్టు వెనక్కి తెచ్చుకోవాల్సొస్తే పనికొచ్చేది ఆ కాగితమే. నేను చూసిన పెళ్లిళ్లలో చదివింపుల డబ్బు పుస్తకంలో రాశారు గానీ, ఈ జాబితా ఎవరూ రాయలేదు.