ఉప్పుకి ఓర్చే రీలు
సముద్రంలో గాలమేసే సరదా ఉన్నవాళ్లకి రీలు కానుకగా ఇస్తున్నారా? పెట్టె మీది బేరింగుల లెక్క చూసి మురిసిపోకండి. పది నాసిరకంవాటి కంటే నాలుగు మంచివి నయం. అందుబాటు ధరలో నా ఓటు పెన్ బ్యాటిల్‌కే. పెన్ అంటే 1932లో ఫిలడెల్ఫియాలో ఒట్టో హెంజ్ పెట్టిన కంపెనీ. ఈ రీలుకి హంగు తక్కువ, దమ్ము ఎక్కువ. బాడీ మొత్తం లోహమే. చేప గుంజినప్పుడు దారాన్ని తెగనివ్వకుండా పట్టిపట్టి వదిలే డ్రాగులో కార్బన్ ఫైబర్ వాషర్లు, ఎంత పనితనమో! ఒడ్డు నుంచి విసరడానికి 5000 సైజు చాలు. దారం మలుపు తిరిగే బుల్లి రోలర్‌కి ఉప్పు పడితే బిగుసుకుపోయి దారాన్నే కోసేస్తుంది. అందుకని చిన్న నూనె సీసా కూడా జతచేయండి. వాడాక డ్రాగు బిగించి, మంచినీళ్లు పైపైన చిలకరించి, ఆరాక వదులు చేయమని చెప్పడం మరవకండి.