ఒకే మనిషికి రెండు జీవితాలు

మన దేశంలో రొమ్ము క్యాన్సర్‌ను ముందుగా పట్టుకోవాలంటే ఏ వయసు ఆడవాళ్లకు, ఎన్నేళ్లకోసారి, ఏ పరీక్ష చేయాలి? పెట్టిన డబ్బుకు ఎంత ఆయుష్షు మిగులుతుంది? 2008లో జర్నల్ ఆఫ్ ది నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకొంక్వో, డ్రైస్మా, డి కోనింగ్ తదితరులు రాసిన వ్యాసం ఈ ప్రశ్నలకు జవాబు వెతికింది. రోటర్‌డామ్‌లోని ఎరాస్మస్ వైద్య కేంద్రంలో తయారైన మిస్కాన్ అనే సిమ్యులేషన్ మోడల్ వాళ్ల పనిముట్టు. వ్యాసం చివరి అంకెల కంటే ఆ మోడల్ మనుషుల్ని పుట్టించే తీరు దగ్గర ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది.

మిస్కాన్ జనాన్ని గంపగుత్తగా లెక్కించదు. ఒక్కొక్కరికీ విడిగా జాతకం రాస్తుంది. అలాంటి ఒక స్త్రీని శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, వజ్రపుకొత్తూరు మండలం అక్కుపల్లిలో పుట్టిద్దాం. పుట్టిన తేదీతోపాటే, క్యాన్సర్ ఊసు లేకుండా ఆమె ఎప్పుడు పోతుందో కూడా ముందే రాసి ఉంటుంది. 68 ఏళ్లనుకుందాం. ఆ తర్వాత జబ్బు తేదీలు. 46 దాటిన ఆరు నెలలకు రొమ్ములో గడ్డ చేతికి తగిలేంత అవుతుంది. 49లో తనే గమనించి ఆస్పత్రికి వెళ్తుంది. అప్పటికే ముదిరిపోయింది. 53లో చనిపోతుంది. ఇది ఏ పరీక్షా లేని జీవితం.

ఇప్పుడు అదే స్త్రీకి, అవే తేదీలతో రెండో జీవితం. 40 నుంచి 60 దాకా ఐదేళ్లకోసారి ఏఎన్ఎం చేత్తో పరీక్ష చేస్తుంది. 45లో ఏమీ లేదు, 50 వచ్చేసరికి ఆలస్యమైంది. మార్పేమీ లేదు, 53లోనే పోయింది. అదే రెండేళ్లకోసారి చేస్తే 48లో గడ్డ ఏఎన్ఎం చేతికి తగలవచ్చు. తగలకపోవచ్చు కూడా. చేతి పరీక్ష ఎన్నిసార్లు పడుతుందో, ఎన్నిసార్లు తప్పుతుందో ఆ నిష్పత్తిలోనే మోడల్ పాచిక వేస్తుంది. దొరికి, చికిత్స ఫలిస్తే ఆమె 68 దాకా ఉంటుంది. 15 ఏళ్లు జమ. పరీక్షలు, ఆపరేషన్, మందులు ఖర్చు. చివరి రోజుల్లో నొప్పి తగ్గించడానికి కావలసిన వైద్యం తప్పింది కాబట్టి ఆ ఖర్చు వెనక్కి. ఇలా లక్షల జాతకాలు రెండేసి సార్లు నడిపి, తేడా తీస్తారు.

ఇందులోని నిజాయితీ చూడండి. ఆ స్త్రీకి 48లో గడ్డ దొరికినా చికిత్స ఫలించలేదనుకుందాం. 53లోనే పోయింది. జబ్బు తెలిశాక ఐదేళ్లు బతికింది. పరీక్ష లేని జీవితంలో నాలుగేళ్లే. ఆస్పత్రి రికార్డు చూస్తే ఒక ఏడాది ఎక్కువ బతికినట్టే ఉంటుంది. మోడల్ మాత్రం ఆమె పేరున ఒక్క రోజు కూడా జమ వేయదు. చనిపోయిన తేదీ మారలేదు, ముందుగా తెలియడమొక్కటే మారింది. క్యాన్సర్ పరీక్షల గురించి పేపర్లో చదివే గొప్పల్లో కొన్ని ఈ తేడా దగ్గరే రాలిపోతాయి.

ఉద్దానానికి వచ్చేసరికి ఆ మొదటి తేదీ, అంటే వేరే కారణంతో పోయే తేదీ, చాలా బరువైనది. ఇక్కడ కిడ్నీ జబ్బు చాలామందిని పీడిస్తోంది. మరో స్త్రీని తీసుకోండి. 58లో గడ్డ దొరికింది, నయమైంది. కానీ కిడ్నీ జబ్బుతో 60లో పోవాలని ముందే రాసి ఉంది. పరీక్ష చేయకపోతే ఆ గడ్డ బయటపడేది 61లో. అంటే ఆమెకు ఆపరేషన్ బాధ మిగిలింది, ఆయుష్షు మిగల్లేదు. రాష్ట్ర సగటు మరణాల పట్టిక పెట్టుకుని వజ్రపుకొత్తూరు మండలానికి లెక్క కడితే, లేని ఆయుష్షు ఉన్నట్టు చూపిస్తుంది. ఈ ప్రాంతానికి ఎవరైనా మోడల్ కట్టదలిస్తే మొదట సరిచేయాల్సింది ఈ పట్టికనే.

ఇక ఆ వ్యాసం తేల్చిందేమిటి? 50వ ఏట ఒక్కసారి చేతి పరీక్ష చేస్తే రొమ్ము క్యాన్సర్ మరణాలు 2 శాతం తగ్గుతాయి. మిగిలిన ఒక్కో ఏడాది ఆయుష్షుకు 793 అంతర్జాతీయ డాలర్లు (కొనుగోలు శక్తి ప్రకారం సరిచేసినవి) పడతాయి. 40 నుంచి 60 దాకా ఐదేళ్లకోసారి చేస్తే 8.2 శాతం, 1,135 డాలర్లు. రెండేళ్లకోసారి చేస్తే 16.3 శాతం, 1,341 డాలర్లు. ఏటా చేసే చేతి పరీక్ష దాదాపు రెండేళ్లకోసారి తీసే మామోగ్రామ్ అంత మేలు చేస్తుంది, ఖర్చు సగమే. 2016 నాటి కేంద్ర మార్గదర్శకాలు 30 ఏళ్లు దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఐదేళ్లకోసారి చూడమన్నాయి. మోడల్‌లోని రెండేళ్ల వరసతో పోల్చి చూస్తే, రొమ్ము వరకు ఆ ఐదేళ్ల గడువు నాకు పొడుగ్గానే అనిపిస్తుంది.

కంప్యూటర్ చెప్పినదాన్ని నమ్మడమెలా? ముంబైలో టాటా మెమోరియల్ ఆస్పత్రి వాళ్లు 1998లో 35 నుంచి 64 ఏళ్ల లోపు 1,51,538 మంది స్త్రీలతో ప్రయోగం మొదలుపెట్టారు. వారిలో పరీక్షల వర్గానికి రెండేళ్లకోసారి నాలుగు విడతలు చేతి పరీక్ష చేశారు. 2021లో ఫలితం వచ్చింది. మొత్తం మీద రొమ్ము క్యాన్సర్ మరణాలు 15 శాతం తగ్గాయి, కాకతాళీయం కాదని గట్టిగా చెప్పగలిగేంత తేడా మాత్రం కాదు. 50 దాటినవాళ్లలో దాదాపు 30 శాతం తగ్గాయి. మోడల్‌లో విడతలు ఎక్కువ, వయసులు వేరు, కనుక 15నీ 16.3నీ పక్కపక్కన పెట్టి చప్పట్లు కొట్టకూడదు. అయినా పదమూడేళ్ల ముందు కాగితం మీద కట్టిన అంచనా దారి తప్పలేదు. పైగా ప్రయోగం ఇరవై ఏళ్లలో ఒకే వరసను పరీక్షించగలిగింది. మోడల్ ఎన్ని వరసలనైనా అడగనిస్తుంది.

అయితే జబ్బు తేదీలు ఎవరో ఒకరు నడిచి తెస్తేనే మోడల్‌లోకి వస్తాయి. నోటి క్యాన్సర్‌కు వాటిని ఇచ్చిన నేలల్లో శ్రీకాకుళం జిల్లా ఒకటి. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ ఇక్కడ మగవాళ్ల కంటే ఆడవాళ్లలోనే ఎక్కువ. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి ఫాలీ మెహతా, పి.సి. గుప్తా, కోపెన్‌హాగన్ నుంచి పిండ్‌బోర్గ్ ఆ తేదీలు తెచ్చే పనికి పూనుకున్నారు. 1971లో ఈ జిల్లాకు చెందిన 10,169 మంది గ్రామస్తుల అంగిళ్ల మీద వాళ్ల వ్యాసం వచ్చింది. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ పల్లెల్లో పదేళ్లు మళ్లీ మళ్లీ అవే ఇళ్లకు వెళ్లి నోళ్లు చూశారు. క్యాన్సర్ వచ్చిన దాదాపు ప్రతి నోట్లోనూ అంతకుముందే ఏదో ఒక మచ్చో, మార్పో ఉందని 1980లో తేల్చారు. ఆ మచ్చకూ క్యాన్సర్‌కూ మధ్య ఉన్న కాలమే పరీక్షకు దొరికే అవకాశం.

తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన ప్రయోగంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు చూశారు. 2009లో వచ్చిన లెక్క ప్రకారం, అందరినీ చూస్తే మిగిలిన ఒక్కో ఏడాదికి 835 అమెరికా డాలర్లు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లనే చూస్తే 156. ఉద్దానంలో ఆ రెండో లెక్కకు కావలసిన జాబితా కోసం పెద్ద సర్వే అక్కర్లేదు. ఏ ఇంట్లో ఎవరు అడ్డపొగ తాగుతారో ఊళ్లోని ఆశా కార్యకర్తను అడిగితే చెబుతుంది. ఖర్చు వైపు మాత్రం కొత్తగా రాయాల్సింది చాలా ఉంది: మచ్చ కనబడ్డాక విశాఖ దాకా వెళ్లిరావడానికి అయ్యే డబ్బు, ఆ రోజుల్లో జీడిపప్పు పనికి పోలేక పోగొట్టుకున్న కూలి, తోడు వెళ్లిన కూతురి కూలి.