భార్య సొమ్ము ఎవరి చేతిలో?
గృహహింసపై మూడు ఆర్థిక పరిశోధనల పరిశీలన

స్త్రీలపై జరిగే హింసను గురించి వ్రాసేటప్పుడు మనవారు నీతిశాస్త్రాన్ని, న్యాయశాస్త్రాన్ని, ధర్మశాస్త్రాన్ని ఆశ్రయించటం పరిపాటి. అర్థశాస్త్రం జోలికి పోయేవారు అరుదు. ధరలు, కూలి రేట్లు, పంటల దిగుబడి లెక్కించే వారికి ఇంటి నాలుగు గోడల మధ్య పడే దెబ్బలతో ఏమి పని అన్న భావం ఇందుకు కారణం కావచ్చు. నిజానికి అర్థశాస్త్రజ్ఞులు కూడ చాలాకాలం అలాగే తలచారు. కుటుంబమంటే ఒకే మనస్సు, ఒకే జేబు ఉన్న వ్యక్తి వంటిదని భావించి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. 1980, 1981 సంవత్సరాలలో మాన్సర్–బ్రౌన్‌లు, మకెల్రాయ్–హోర్నీలు ఈ పద్ధతిని మార్చారు. భార్యాభర్తలు వేర్వేరు వ్యక్తులనీ, వారి మధ్య బేరం నడుస్తుందనీ, సంసారం విఫలమైతే ఎవరికి ఎక్కడ నిలువ నీడ ఉందో దానిని బట్టి ఆ బేరంలో ఎవరి మాట నెగ్గేదీ తేలుతుందనీ వాదించారు. 1990లో అమర్త్యసేన్ ప్రపంచంలో 10 కోట్లకు పైగా స్త్రీలు 'లేకుండా పోయారని' లెక్కగట్టి చూపిన తరువాత ఈ రంగంలో పరిశోధన విస్తరించింది.

ఆ పరిశోధనలో మన పాఠకులకు సన్నిహితంగా తగిలే మూడింటిని ఇక్కడ పరిశీలిద్దాము. ఒకటి కర్ణాటకకు, రెండవది కేరళకు, మూడవది బంగ్లాదేశ్‌కు చెందినవి. మూడూ వేర్వేరుగా చదివితే పరస్పరం విరుద్ధంగా కనిపిస్తాయి. కలిపి చదివితే ఒకే ప్రశ్న అడుగుతాయి. ఆ ప్రశ్న మన ఇళ్ళను కూడ వదలదు.

దెబ్బకు ధర

ఫ్రాన్సిస్ బ్లాక్, విజయేంద్ర రావు కలిసి వ్రాసిన వ్యాసం 2002లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వెలువడింది. దక్షిణ కర్ణాటకలోని మూడు గ్రామాలలో కుమ్మరి కుటుంబాలను వారు పరిశీలించారు. ముందు ఆ స్త్రీలతో మాట్లాడి, వారు చెప్పినదాని ఆధారంగా సిద్ధాంతం అల్లి, తరువాత లెక్కలతో సరిచూశారు. బల్ల ముందు కూర్చుని సమీకరణాలు వ్రాసే వారి నడుమ ఇది మెచ్చదగిన పద్ధతి.

వారి వాదం ఇది. పెళ్ళి తరువాత భర్తకు ఆ సంబంధంతో తృప్తి ఉన్నదో లేదో అతనికి తెలుసుగాని అత్తమామలకు తెలియదు. అసంతృప్తి ఉన్నదని నమ్మించటానికి అతడు భార్యను కొడతాడు. కూతురి కష్టం చూడలేక పుట్టింటివారు మరికొంత డబ్బు పంపుతారు. అంటే దెబ్బ తగిలేది భార్యకు, సందేశం చేరేది మామగారికి. ఈ వాదం నిజమైతే రెండు ఫలితాలు కనిపించాలి. కట్నం తక్కువ తెచ్చినవారికి హింస ఎక్కువ కావాలి. పుట్టింటివారు కలిగినవారైతే, ఇంకా పిండుకోవచ్చు గనుక, అప్పుడు కూడ హింస ఎక్కువ కావాలి. లెక్కలలో రెండూ తేలాయి.

మొదటిది మనకు తెలిసినదే. రెండవది కలవరపెడుతుంది. 'కలిగిన ఇంటి పిల్ల, ఆమె మీద ఎవరు చెయ్యి వేస్తారు?' అని మనం అనుకుంటాము. తండ్రి సంపద కూతురికి డాలు అనుకుంటాము. ఆ మూడు గ్రామాలలో అది డాలు కాలేదు, ఎర అయింది.

ఈ పరిశోధనకు లోపాలు లేకపోలేదు. పరిశీలించినది ఒకే కులం, కొద్ది కుటుంబాలు. పెళ్ళి నుండి బయటపడటం ఆ సమాజంలో స్త్రీకి దాదాపు అసాధ్యం. కనుక అక్కడ తేలినది అన్ని చోట్లా తేలుతుందని చెప్పరాదు. అంతకంటె ముఖ్యమైన ఆక్షేపణ మరొకటి ఉంది. కొట్టే ప్రతివాడూ లెక్క వేసుకుని కొడతాడా? 2011లో డేవిడ్ కార్డ్, గోర్డన్ డాల్ అమెరికాలో మరొక విషయం చూపారు. తప్పక గెలుస్తుందనుకున్న స్థానిక ఫుట్‌బాల్ జట్టు అనుకోకుండా ఓడిన రోజున ఇళ్ళలో పురుషులు భార్యలపై, సహచరులపై జరిపే హింస సుమారు 10 శాతం పెరిగిందట. జట్టు ఓటమికి భార్యను కొడితే ఏ మామగారూ డబ్బు పంపడు. అది ఒట్టి ఉక్రోషం. కనుక హింసకు బేరం ఒక కారణమేగాని, అదే సర్వస్వం కాదు.

అయినా బేరం అనే కారణాన్ని కొట్టిపారవేయలేము. షీతల్ సేఖ్రీ, ఆడమ్ స్టోరీగార్డ్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, భారతదేశపు జిల్లాలలో వర్షపాతం ఒక ప్రామాణిక విచలనం మేర తగ్గిన సంవత్సరంలో వరకట్న మరణాలు సుమారు 7.8 శాతం పెరిగినట్లు తేలింది. వాన వెనుదీసిన ఏట కోడలి పుట్టింటివైపు చూపు మళ్ళుతుందన్నమాట. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. క్రూరత్వాన్ని శిక్షించే 498-ఎ సెక్షన్ 1983లో, వరకట్న మరణాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించిన 304-బి సెక్షన్ 1986లో శిక్షాస్మృతిలో చేరాయి. వానకూ చావుకూ మధ్య ఉన్న ఈ ముడిని అవి తెంచలేకపోయాయి.

సొంత ఇల్లు

రెండవ పరిశోధన ప్రదీప్ పండా, బీనా అగర్వాల్‌లది. 2005లో వరల్డ్ డెవలప్‌మెంట్ పత్రికలో వచ్చింది. తిరువనంతపురం జిల్లాలోని పల్లెలలో, పట్టణంలో సుమారు 500 మంది వివాహిత స్త్రీలను వీరు ప్రశ్నించారు. అక్షరాస్యతలో, ఆరోగ్యంలో దేశానికే ముందున్న కేరళలో సైతం ఇళ్ళలో హింస తక్కువేమీ కాదని వీరి అంకెలు చెబుతున్నాయి.

అయితే అసలు విశేషం అది కాదు. ఇల్లుగాని, భూమిగాని తన పేరున లేని స్త్రీలలో 49 శాతం దీర్ఘకాలంగా శారీరక హింసకు గురయ్యారు. భూమి మాత్రమే ఉన్నవారిలో అది 18 శాతం. ఇల్లు మాత్రమే ఉన్నవారిలో 10 శాతం. రెండూ ఉన్నవారిలో 7 శాతం.

మరొక లెక్క ఇంకా స్పష్టమైనది. హింస భరించలేక ఇల్లు విడిచిపోయినవారిని కూడ వీరు పరిశీలించారు. ఆస్తి ఉన్న బాధితులలో 71 శాతం ఇల్లు విడిచారు. ఆస్తి లేనివారిలో 19 శాతమే విడువగలిగారు. విడిచిపోయి మళ్ళీ అదే గుమ్మం ఎక్కినవారిలో 88 శాతం ఆస్తి లేనివారే.

దీని మీద కూడ ఒక ఆక్షేపణ ఉంది. ఒకే కాలంలో తీసిన లెక్క కారణాన్ని నిరూపించదు. కూతురి పేర ఇల్లు వ్రాసే తల్లిదండ్రులు ఎలాగూ ఆమె పక్షాన నిలబడేవారే గనుక, కాపాడినది ఇల్లా, తల్లిదండ్రులా అని అడగవచ్చు. పరిశోధకులు ఈ సందేహాన్ని ఊహించి చదువు, ఆదాయం, బంధువుల అండ వంటివి లెక్కలో చేర్చిన తరువాత కూడ ఆస్తి ప్రభావం నిలిచిందని చూపారు. సందేహం పూర్తిగా తీరకపోయినా బలహీనపడింది. సంపాదన విషయంలోనూ ఇటువంటి సాక్ష్యమే ఉంది. కాలిఫోర్నియాలో 1990–2003 మధ్య స్త్రీలపై గృహహింస తగ్గుదలలో 9 శాతానికి స్త్రీపురుషుల వేతన వ్యత్యాసం తగ్గటమే కారణమని ఆనా ఐజర్ 2010లో లెక్కగట్టారు. అయితే భర్తకంటె భార్య ఉద్యోగం మెరుగైన చోట హింస పెరిగిన దాఖలాలు కేరళ లెక్కలలోనే ఉన్నాయి. జీతం భర్త అహాన్ని రెచ్చగొట్టవచ్చు. ఇల్లు మాత్రం, అవసరమైతే తలుపు వేసుకోవటానికి పనికివస్తుంది.

ఇప్పుడు చదువరికి ఒక చిక్కు ఎదురవుతుంది. కర్ణాటకలో సంపద హింసను పెంచింది. కేరళలో తగ్గించింది. రెండూ ఎలా నిజమవుతాయి?

కర్ణాటకలో సంపద తండ్రి చేతిలో ఉంది, కట్నమై అత్తవారి చేతికి పోతుంది. ఆ మార్గంలో అది ఒక్క క్షణమైనా ఆమె చేతిలో నిలువదు. ఆమె కేవలం ఆ డబ్బు నడిచే వంతెన. కేరళలో ఇల్లు ఆమె పేరున ఉంది. ఆమెను కొట్టి మరొకరి దగ్గర రాబట్టగలిగేది అక్కడ ఏమీ లేదు, కొడితే లేచిపోగల శక్తి ఆమెకు ఉంది. అంటే ఎంత సొమ్ము అన్నదానికంటె ఎవరి చేతిలో సొమ్ము అన్నదే అసలు ప్రశ్న.

మహర్‌కు ఖరీదు

మూడవ పరిశోధన మనకు మరీ దగ్గరది. అట్టిలా ఆంబ్రస్, ఎరికా ఫీల్డ్, మాక్సిమో టోరెరో 2010లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో వ్రాసినది. వాయవ్య బంగ్లాదేశ్‌లో 1956–2004 మధ్య జరిగిన ముస్లిం వివాహాల ఒప్పందాలను వారు పరిశీలించారు. 1961, 1974 సంవత్సరాలలో వివాహ చట్టాలు మారినప్పుడల్లా మహర్ మారిందనీ, దానితోపాటే కట్నం కూడ మారిందనీ చూపారు.

వారి వివరణ ప్రకారం మహర్ భర్తకు పగ్గం. తొందరపడి తలాఖ్ ఇస్తే చెల్లించవలసి వస్తుందన్న భయం అతనిని నిలుపుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. తరువాతి మెట్టు చూడండి. ఆ పగ్గం వేసుకోవటానికి వరుడు పరిహారం అడుగుతాడు. కట్నంలో ఒక భాగం ఆ పరిహారమే.

సరళంగా చెప్పాలంటే కూతురి మహర్‌ను తండ్రే కొంటున్నాడు. నిసా సూరా 4వ ఆయత్ మహర్‌ను సంతోషంగా ఇవ్వవలసిన కానుకగా పేర్కొన్నది. ఇచ్చేది భర్త, పుచ్చుకునేది భార్య. బంగ్లాదేశ్ ఒప్పందాలలో దిశ తిరగబడింది. పరిశోధకులు దీనిని ఉభయులకూ లాభించే ఏర్పాటుగా వర్ణించారు. ఈ విషయంలో వారితో ఏకీభవించటం కష్టం. కట్నం పెళ్ళినాడే రొక్కంగా చేతులు మారుతుంది. మహర్ కాగితం మీద ఉంటుంది. ముందు చెల్లేదానికీ, ఎప్పుడో చెల్లవచ్చునన్నదానికీ మధ్య సమతూకం లేదు. జనాజా లేచేముందు వితంతువు చెవిలో 'మహర్ మాఫ్ చేశానని చెప్పు' అనే ఆచారం ఎరిగినవారికి దీనిని వేరుగా వివరించనక్కరలేదు. పగ్గం ఉన్నదని వ్రాసి ఉంటుందిగాని, దానిని పట్టుకునే చెయ్యి ఉండదు.

మన ఇళ్ళ లెక్క

ఈ మూడు పరిశోధనలలో ఏదీ తెలుగు ముస్లింలను గురించినది కాదు. కాని 2019–21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భర్తల హింసకు గురైన వివాహితలు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. రెండు రాష్ట్రాలలోనూ 83 శాతానికి పైగా స్త్రీలు ఏదో ఒక సందర్భంలో భర్త కొట్టటం సమంజసమేనన్నారు. ఇవి అన్ని మతాలవారివీ కలిపిన అంకెలు. వీటిలో మన వాటా లేదని అనుకోవటం ఆత్మవంచన. కొట్టటం తప్పుకాదని స్త్రీలే నమ్మే చోట బేరం సిద్ధాంతం కూడ కుంటుపడుతుంది. ఎందుకంటే తన వంతు ఏదో తెలియనివారు బేరమాడలేరు. ఆర్థిక పరిశోధనలు తాకని లోతు ఇది.

నిసా సూరా 34వ ఆయత్‌ను అడ్డం పెట్టుకునేవారు మనలో ఉన్నారు. ఆ ఆయత్ అన్వయంపై పండితుల చర్చ వేరు. దైవప్రవక్త (స) ఏనాడూ ఏ స్త్రీనీ కొట్టలేదని హజ్రత్ ఆయిషా (ర.అ.) చెప్పినట్లు ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. కర్ణాటక పరిశోధన వర్ణించిన హింస, అంటే డబ్బు రాబట్టటానికి కొట్టటం, ఏ పండితుని అన్వయంలోనూ ఇమడదు. అదే సూరాలోని 19, 20 ఆయత్‌లు తాను ఇచ్చిన మహర్‌ను వెనుకకు లాగుకోవటానికే భార్యను వేధించరాదని నిషేధించాయి. తాను ఇచ్చినదానికే ఇంత కట్టడి ఉంటే, తాను ఇవ్వనిదానికి, మామగారి కష్టార్జితానికి, ఆమెను వేధించటాన్ని ఏమనాలి?

కేరళ అంకెలు మనకు మరొక అద్దం. 'అల్లాహ్ మనకు విరాసత్ ఇచ్చాడు, ఇతర చట్టాలకంటె ఎంతో ముందుగా స్త్రీకి వాటా ఇచ్చాడు' అని సభలలో గర్వంగా చెప్పుకుంటాము. అది నిజమే. నిసా సూరా 7వ ఆయత్ కొంచెమైనా, ఎక్కువైనా స్త్రీకి భాగం నిర్ణయించింది. కాని ఎందరి ఇళ్ళలో ఆ భాగం ఆమె పేరున ఎక్కింది? సోదరులకు వదిలివేస్తే పుట్టింటి తలుపు తెరిచి ఉంటుందని చెల్లెలు సంతకం చేస్తుంది. పెళ్ళికి జహేజ్, జోడా డబ్బు ఇచ్చాము గనుక ఇంకేమి వాటా అని సోదరుడు అంటాడు. ఫలితమేమిటి? ఆమె చేతికి రావలసిన ఆస్తి ఆగిపోయింది, ఆమె చేతిలో నిలువని కట్నం మాత్రం వెళ్ళిపోయింది. హింసను తగ్గించగల సొమ్మును ఆపి, హింసను పెంచగల సొమ్మును మన చేతులతోనే పంపుతున్నాము.

చట్టం కూడ మన వంతు చేయలేదు. 1937 నాటి షరీఅత్ అన్వయ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించింది. తరువాత కొన్ని రాష్ట్రాలు మాత్రమే ఆ మినహాయింపును తొలగించాయి. 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టంలో ఒక మంచి మాట ఉంది. భార్య ఆస్తిని భర్త అమ్మివేసినా, ఆ ఆస్తిపై ఆమె హక్కులను అడ్డగించినా అది క్రూరత్వమేనని ఆ చట్టం పేర్కొన్నది. అర్థశాస్త్రజ్ఞులు అంకెలతో నిరూపించటానికి ఎన్నో ఏళ్ళ ముందే, ఆస్తికీ హింసకూ ఉన్న సంబంధాన్ని ఆ చట్టం గుర్తించింది. కాని ఆస్తే లేని స్త్రీకి ఆ రక్షణ వల్ల ప్రయోజనమేమి?

మొత్తం మీద ఈ పరిశోధనలు మన ధర్మాన్ని సమర్థించటానికి వ్రాసినవి కావు, ఖండించటానికి వ్రాసినవీ కావు. వాటిని అలా వాడుకోవటం తగదు. అవి మన ఆచరణను తూచటానికి తక్కెడ వంటివి. సభలో ప్రసంగించే ముందు ప్రతి తండ్రీ, ప్రతి సోదరుడూ ఒక్క లెక్క సరిచూసుకోవాలి. తన ఇంటి ఆడపిల్ల పెళ్ళికి తాను ఖర్చుపెట్టినదానిలో ఆమె పేరున ఉన్నదెంత? ఆమెకు రావలసిన వాటాలో ఆమెకు చేరినదెంత? ఆ రెండు అంకెలు వ్రాసుకున్న తరువాత, ఒక రాత్రివేళ ఆమె బయలుదేరవలసి వస్తే ఎవరి తలుపు తట్టాలో కూడ ఆలోచించాలి. ఆ తలుపు ఆమె సొంతమైనప్పుడే విరాసత్ ఆమెకు నిజంగా చేరినట్లు.