ఖాకీ దుస్తుల్లో స్త్రీ వస్తే చాలునా?

‘కర్తవ్యం’ 1990లో వచ్చింది. ఎ. మోహనగాంధీ దర్శకుడు. కిరణ్ బేడీ స్ఫూర్తితో మలచిన పోలీసు అధికారిణి పాత్రకు విజయశాంతి జాతీయ ఉత్తమ నటి అయింది. నిజాయితీ గల స్త్రీ ఖాకీ తొడిగితే స్త్రీలకు రక్షణ దొరుకుతుందన్న ఊహకు ఆ పాత్ర ప్రాణం పోసింది. ఆ ఊహే ఇవాళ ప్రభుత్వాల విధానంగా మారింది.

దాన్ని పూర్తిగా కొట్టిపారెయ్యను. మధ్యప్రదేశ్‌లో 180 పోలీసు స్టేషన్లలో జరిగి 2022లో వెలువడిన అధ్యయనం ప్రకారం మహిళా సహాయ కేంద్రాలు పెట్టినచోట, అందులోనూ స్త్రీ అధికారులు నడిపినచోట, కేసుల నమోదు పెరిగింది. ఫిర్యాదు కాగితం మీది కెక్కడం చిన్న సంగతి కాదు.

అయితే ఆ సినిమా ఇతివృత్తం ఒక వ్యక్తి శౌర్యం మీద నిలబడింది. స్టేషన్ అనే అధికారాన్ని నిలదీసే పని వెనక్కి పోయింది. అప్పటికి పన్నెండేళ్ల క్రితమే, 1978 మార్చిలో, రమీజాబీపై అత్యాచారం జరిగింది హైదరాబాదు నల్లకుంట స్టేషన్‌లోనే. ఆమె భర్త, రిక్షా కార్మికుడు అహ్మద్ హుస్సేన్, దెబ్బలకు చనిపోయాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చింది. కేసు రాయచూరుకు మారింది. 1981లో వాళ్లు నిర్దోషులయ్యారు. ఈ మధ్యకాలమంతా బోనులో నిలబడింది ఆమె శీలం, ఆమె పెళ్లి!

ఇటు రమీజాబీ కోసం వీధికెక్కిన జనం, అటు మథుర కేసులో 1978 నాటి సుప్రీంకోర్టు తీర్పుపై నిరసన. ఈ ఒత్తిడికే 1983లో చట్టం మారింది. కస్టడీలో సంభోగం రుజువై, సమ్మతి లేదని స్త్రీ చెబితే కోర్టు అలాగే భావించాలి. చట్టాన్ని కదిలించింది జనం, ఏ వీరనారీ కాదు.

మరి దర్యాప్తు? 2007లో వాకపల్లి ఆదివాసీ స్త్రీలు పదకొండు మంది గ్రేహౌండ్స్ పోలీసుల మీద ఫిర్యాదు చేశారు. 2023లో నిందితులు విడుదలయ్యారు. దర్యాప్తు లోపాలను ఎత్తిచూపిన ఆ కోర్టే స్త్రీలకు పరిహారం ఇమ్మంది. పోలీసుల మీద నేరాన్ని పోలీసులే దర్యాప్తు చేస్తే, ఆ కుర్చీలో స్త్రీని కూర్చోబెట్టినా ఏం మారుతుంది?

మా నూజివీడు తోటల్లో వేసవంతా మామిడికాయలు ఏరి పెట్టెల్లో సర్దే కూలి స్త్రీకి స్టేషన్‌కు వెళ్లడమంటే ముందుగా ఒక రోజు కూలి పోవడం, ఆటో ఖర్చు. ఆ మీదట, మేస్త్రీ రేపటినుంచి పనికి పిలుస్తాడో లేదోనన్న బెంగ. లోపల ఉన్నది ఎస్సై గారో, ఎస్సైయమ్మ గారో అన్నది ఆమె ఆలోచించే చివరి సంగతి. మన కథకులు కూడా ఆమెతో స్టేషన్ గడపదాకా వచ్చి ఆగిపోతున్నారు. లోపల ఆమె చెప్పింది ఎవరు, ఏ మాటల్లో రాసుకున్నారో, చదివి వినిపించకుండానే ఎక్కడ వేలిముద్ర వేయించుకున్నారో, ఆ కథ ఇంకా రావలసే ఉంది.