స్పైస్ సైన్సు, మంత్రం పిల్లకథ

సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్లలో ఒక మెట్ల వరస ఉంది. పైన ‘హార్డ్’ సైన్స్ ఫిక్షన్, కింద స్పేస్ ఒపేరా, అట్టడుగున డ్రాగన్లూ మంత్రగాళ్లూ. 2001లో హ్యారీ పాటర్ నాలుగో నవలకి హ్యూగో అవార్డు వచ్చిందంటే ఇప్పటికీ మొహం చిట్లించేవాళ్లున్నారు. నాకూ అది పెద్దగా నచ్చలేదు, రెండొందల పేజీలు కోసేయొచ్చు. కానీ వాళ్ల గొడవ పేజీలతో కాదు, మంత్రదండంతో.

సరే, వాళ్లే నెత్తిన పెట్టుకునే ‘డ్యూన్’ (1965) చూద్దాం. స్పైస్ తింటే భవిష్యత్తు కనిపిస్తుంది. ఒక ద్రవం తాగితే తరతరాల స్త్రీల జ్ఞాపకాలు ఒకామెలోకి దిగుతాయి. ఇందులో ఫిజిక్స్ ఎంత? గ్రహాలూ అంతరిక్ష నౌకలూ ఉన్నాయి కాబట్టి ఎవరూ అడగరు.

మూడేళ్ల తర్వాత అర్సులా లె గ్విన్ రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ మాత్రం పిల్లల పుస్తకం! అక్కడ మంత్రం పనిచెయ్యాలంటే వస్తువు అసలు పేరు తెలియాలి. (కోడ్ రాసేవాళ్లకి ఈ పేర్ల బాధ బాగా తెలుసు.) ఆ పేర్లు నేర్చుకోవడానికే చాలా కాలం పడుతుంది. ఒక దీవిలో వాన కురిపిస్తే ఇంకెక్కడో ఎండిపోవచ్చు. గెడ్ కుర్రతనపు పంతంతో చేసిన ఒక్క పని సముద్రాల మీదుగా అతన్ని వెంటాడుతుంది. చేసినదానికి ఇంత కచ్చితంగా లెక్క అప్పజెప్పే ‘హార్డ్’ నవలలు నేను ఎక్కువ చదవలేదు.

ఈ చిన్నచూపు మన దగ్గరా ఉంది. దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో రాసిన ‘తోకచుక్క’ లాంటి సీరియళ్లని చిన్నప్పటి జ్ఞాపకమంటూ ముద్దుగా తలుచుకుంటాం. అప్పట్లో వాటి మీద ఆయన పేరు కూడా వేసేవాళ్లు కాదు. ఏ నెల కథ ఎక్కడ ఆపాలో, ఏ ప్రమాదాన్ని ఎంతదాకా దాచాలో ఆయన ఎలా తేల్చుకున్నారన్నది పట్టించుకున్న విమర్శ నా కంట పడింది చాలా తక్కువ. అసిమోవ్ గురించైతే అడక్కపోయినా గంటసేపు మాట్లాడతాం.